నలభై ఏడో నంబరు ముద్ర

పక్కపక్కన పెట్టిన రెండు కాగితాల ముందు సంయుక్తను వదిలి వచ్చాం.

మొదటి కాగితం ఆరేళ్ళ కిందటిది. శిక్షణ విమానం ఒకటి కూలాక దాని ఇంజిన్ నుంచి విప్పిన కార్బ్యురేటర్, క్రమసంఖ్య 28814, పనికిరాదని, దాన్ని ముక్కలు చేశామని అందులో ఉంది. రెండో కాగితం ఈ జూన్ మొదటి వారానిది. అదే కార్బ్యురేటర్, అదే 28814. బాగుచేశామని, విమానానికి బిగించవచ్చని ఉంది. రెండింటి కిందా ఒకే సంతకం, ఒకే గుండ్రటి ముద్ర. ముద్ర మధ్యలో 47. ఆ నంబరు ఇన్‌స్పెక్టర్ సీతారామయ్యది. ఆయన సంయుక్త తండ్రి. పోయి రెండేళ్ళయింది. ముద్రను ఆయన చేతిలో పెట్టి చితి మీదికి పంపామని తల్లి చెప్పింది. ఆ సంగతి ఆయన ఆఫీసుకు రాసిచ్చింది సంయుక్తే.

28814 ఇప్పుడు కేఎల్ అనే విమానంలో ఉంది. రేపు పొద్దున ఆరూ నలభైకి కేఎల్‌లో ఒంటరిగా ఎగరాల్సిన విద్యార్థి జశ్వంత్. సంయుక్త తమ్ముడు.

*

మాదాపూర్‌లో సంయుక్త పనిచేసే ఆఫీసుకు విమానాల కాగితాలు పెట్టెల్లో వస్తాయి. వాటిని స్కాన్ చేసి, ఏ సామాను ఎక్కడ పుట్టింది, ఏ విమానంలో ఎన్ని గంటలు తిరిగింది అన్నది వరసగా పేర్చడం ఆమె పని. గురువారం సగం రోజు సెలవు పెట్టింది. రెండున్నరకు మూసాపేటలో, మెట్రో పిల్లర్ల అవతల రెండో సందులో, ఎల్లేశం షెడ్డు ముందు క్యాబ్ దిగింది.

ఎల్లేశం ఇరవై రెండేళ్ళు హ్యాంగర్‌లో సీతారామయ్య దగ్గర హెల్పర్. మోకాళ్ళు పోయాక సొంత ఊళ్ళో షెడ్డు వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ పనికిరాదన్న సామాను అతని రంపం కిందికి వచ్చేది. కొత్త కార్బ్యురేటర్ విదేశం నుంచి రావాలి. రెండున్నర లక్షలు, నాలుగు నెలలు. ఆ ఖరీదు ఉన్నంతకాలం, కోయకుండా వదిలిన సామాను ఏదో ఒక రోజు తుడుచుకుని తిరిగి వస్తుందని సీతారామయ్య అనేవారు. అందుకే ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి కోయించాలి. రెండు ముక్కలయ్యాకే సంతకం చేయాలి.

ఎల్లేశం భార్య భూలక్ష్మి గడపలో కూర్చుని గోకరకాయలు తుంచుతోంది. తల ఎత్తి చూసింది.

"సారు బిడ్డవు కదా? ముక్కు గట్లనే ఉన్నది. రా, కూసో. మా ఆయన లోపట రంపానికి నూనె వెడుతుండు. దానికి వెట్టిన నూనెల సగం నా తలకు వెట్టలే, నలభై ఏండ్లల."

"వినవడుతుంది," అని లోపలి నుంచి గొంతు.

"వినవడాల్ననే అంటున్న."

ఎల్లేశం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, ఫోన్ గిట్ల చేయకుండనే వచ్చినవ్? అమ్మ మంచిగున్నదా?"

"బాగానే ఉంది బాబాయ్. ఒక ఫొటో చూపిస్తాను. ఏంటో చెప్పండి."

కార్బ్యురేటర్‌ను ఇంజిన్‌కు బిగించేముందు ఫ్లయింగ్ స్కూలు వాళ్ళు తీసిన ఫొటో అది. సంయుక్త వేళ్ళతో పెద్దది చేసింది. నంబరు రేకు కింద, లోహం మీద, వరసగా మూడు చుక్కలు.

ఆ చుక్కలు ఆమెకు తెలుసు. ఐదో తరగతిలో ఆమె టిఫిన్ డబ్బా మూత బిగియడం మానేసింది. తండ్రి పంచ్ తీసి, మూత మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టి చెత్తబుట్టలో వేశారు. మర్నాడు ఆమె దాన్ని తీసి కడుక్కుంటే మందలించారు. "మూడు చుక్కలు పెట్టానంటే అది చచ్చిపోయినట్టమ్మా. మళ్ళీ ఇంట్లోకి తేకూడదు."

ఎల్లేశం ఫొటో చూశాడు. ఫోన్‌ను స్టూలు మీద బోర్లా పెట్టాడు.

"ఇది పాత ఫొటోనా?"

"ఈ నెలదే."

లోపల రేడియో మోగుతోంది. లేచి వెళ్ళి కట్టేసి వచ్చాడు.

"దీన్ని కోశారా బాబాయ్?"

"సారు సంతకం ఉన్నదా?"

"ఉంది. కోసినట్టు ఉంది."

"సారు సంతకం ఉంటే కోసినట్టే కదా బిడ్డా."

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

షెడ్డు వెనక గోడకు గోనెసంచులు వేలాడుతున్నాయి. ఒక్కో ఏడాదికి ఒక్కో సంచి. ఎల్లేశం పద్ధతి అది. కోసిన సామానులో ఒక సగం ఆ రోజే తుక్కు బండికి వేస్తాడు. రెండో సగాన్ని సంచిలో వేసి, రెండు మూడు దసరాలు దాటేదాకా ఆపి, వేరే బండికి వేస్తాడు. రెండు సగాలూ ఒకే బండిలో పోకూడదు. దూరమైన సగాలను ఎవరూ కలిపి అతకలేరు. ఆరేళ్ళ కిందటి సంచిని మాత్రం అతను బండికి వేయలేదు. దాన్ని కొక్కెం నుంచి దించి, నేల మీద పోశాడు.

సగం పిస్టన్. సగం పంపు. సగం చక్రం. పెడల్‌లో సగం. ఎల్లేశం మోకాలి మీద వంగి ఒక్కొక్కటే పక్కకు తీశాడు. చివరిదాకా తీశాడు. కార్బ్యురేటర్ సగం అందులో లేదు.

"లేదని నాకు ఎరుకనే," అన్నాడు. "నీ ముందట దేవులాడాలె కదా. అందుకే."

సంయుక్త సగాల వైపు చూస్తోంది.

"ఆ పొద్దు దసరా. రంపానికి బొట్టు వెట్టిన, దండ ఏసిన. పూజ అయినంక తెల్లారేదాక రంపం ముట్టం. సారు గూడ ముట్టనియ్యడు. పగటీలి సారు ఇది పట్టుకొని వచ్చిండు. రేపు కోస్త సారూ అన్న. సారుకు ఆ రాత్రే కాకినాడ బండి ఉండె. రిపోర్టేమో తెల్లారి పోవాలె. జర సేపు నిలవడ్డడు. సంతకం చేసి పోయిండు. చూడకుండ చేసిన సంతకం ఆయన బతుకుల అదొక్కటే."

"మర్నాడు కోయలేదా?"

"బిగించిన. రంపం పండ్లు ఇరిగినయ్. కొత్త బ్లేడు వచ్చెటాలకు పది దినాలాయె. అప్పటికి ఈమె దాన్ని దేవుని మూలకు వెట్టి బొట్టు వెట్టింది."

"నాకేం ఎరుక?" అంది భూలక్ష్మి. గోకరకాయలు తుంచడం ఆపలేదు. "పండుగ నాడు ఇంటికొచ్చిన సామాను. మంచిదే అనుకున్న."

"బొట్టు వెట్టినదాన్ని కోయబుద్ధి కాలే. రేపు రేపు అనుకుంట ఆరేండ్లు ఆడనే ఉండె."

"దాంట్లో లోపమేంటి?"

ఎల్లేశం తన బొటనవేలి గోరును చూపించాడు. "వెంట్రుకంత బీట. ఇప్పి చూస్తే కనవడది. చల్లగున్నప్పుడు మూసుకుంటది. ఇంజిన్ నలభై నిమిషాలు నడిచి కాగినంక తెరుచుకుంటది. తెరుచుకుంటే పెట్రోలు అందది. ఆనాడు ఆ పిల్లోడు గట్లనే పడ్డడు. సారు దాన్ని పొయ్యి మీద వెట్టి, గడియారం ముందట వెట్టుకొని కూసున్నడు. నలభై ఒకటో నిమిషంల నాకు చూపిచ్చిండు."

సంయుక్త ఫోన్ తీసుకుని స్కూలు ఇన్‌స్ట్రక్టర్ కిరణ్‌కు చేసింది. నాలుగో రింగుకు ఎత్తాడు.

"కిరణ్ గారూ, కేఎల్‌ను ఆపాలి. దాని కార్బ్యురేటర్ కాగితం దొంగది."

"మేడమ్, ఆ కాగితం నేనే చూశాను. సంతకం ఉంది, ముద్ర ఉంది. ఇన్‌స్పెక్టర్ల ముద్రల లిస్టులో 47 ఉంది."

"ఆ 47 చనిపోయి రెండేళ్ళయింది."

"చనిపోయినట్టు మా లిస్టులో లేదు మేడమ్."

"కేఎల్ ఇప్పటిదాకా ఒక్కోసారి ఎంతసేపు ఎగిరింది?"

"సర్క్యూట్లే, రన్‌వే చుట్టూ తిరిగి దిగడం. ఇరవై నిమిషాలు, పాతిక. చాలా స్మూత్‌గా ఉంది."

"రేపు?"

"గంటా పది. చూడండి, ఒక్క పార్ట్ కోసం నాలుగు నెలలు మూలన పడి ఉన్న మెషీన్ అది. పన్నెండు మంది స్టూడెంట్లు అవర్స్ కోసం క్యూలో ఉన్నారు. ఫోన్లో మాట మీద మళ్ళీ ఆపలేను. ముద్ర తప్పని ఏదైనా ప్రూఫ్ తెండి, ఆ నిమిషంలో ఆపుతాను."

"జశ్వంత్‌కి ఇవ్వండి ఒకసారి."

"బ్రీఫింగ్‌లో ఉన్నాడు. ఫోన్లు బయట పెట్టించాం."

ఫోన్ పెట్టేసింది. ఎల్లేశం ఆమెనే చూస్తున్నాడు.

"జశ్వంతా? దాంట్ల ఎగిరేది చిన్నోడా?"

"వాడే. ఇక్కడి నుంచి అది ఎలా పోయింది బాబాయ్?"

ఎల్లేశం భార్య వైపు చూశాడు.

"చెప్పు," అంది భూలక్ష్మి. "ఇన్ని దినాలు నాకొక్కదానికే చెప్పుకుంట నిద్ర వోకుంటివి."

అతను లోపలికి వెళ్ళాడు. దేవుడి పటం వెనక నుంచి మడత పెట్టిన కాగితం తెచ్చి ఇచ్చాడు. ఒకటే వాక్యం. 28814 ఇచ్చి పంపగలరు. కింద సీతారామయ్య సంతకం. దాని మీద 47. తేదీ జూన్ 1.

"బండి మీద వచ్చిండు ఒకడు. హెల్మెట్ తీయలే. అద్దం గూడ నల్లది. కాగితం ఇచ్చి, ఎల్లేశం గారూ, 28814 ఇవ్వండి అన్నడు."

"ఎవరో అడగలేదా?"

"ఏమని అడగాలె?" ఎల్లేశం స్టూలు మీద కూర్చున్నాడు. "గొంతు సారుది."

బయట సందులో తుక్కు బండి పోయింది. అది దాటేదాకా అతను ఆగాడు.

"సారు సామాను పేరు చెప్పకపోయేది బిడ్డా. నంబరుతోనే అడిగేటోడు. ఇరవై రెండేండ్లల నన్ను గారూ అని, అండి అని పిలిచినోడు ఆయనొక్కడే. సారు పాడె నేను మోసిన. కట్టె నేను వేర్చిన. అయినా ఆ గొంతు వినంగనే లోపటికి పోయి తెచ్చి ఇచ్చిన. చేతులు వాటంతట అవే తెచ్చినయ్. బండి పోయినంక జూస్తే చేతుల ఈ కాగితం ఉన్నది. చచ్చినోడు చిట్టీ పంపిండని ఎవ్వరికి చెప్పాలె?"

సంయుక్త ముద్రను చూసింది. 47లో 4 కాలు విరిగి ఉంది. తొమ్మిదేళ్ళ కిందట హ్యాంగర్‌లో ముద్ర తండ్రి చేయి జారి కాంక్రీటు మీద పడి, ట్రాలీ చక్రం కింద నలిగింది. అప్పటి నుంచి ప్రతి కాగితం మీదా 4 అలాగే పడేది. దీని మీదా అలాగే పడింది. నకలు చేయించినవాడు ఆ విరుపును చేయించడు. ఇది ఆ ముద్రే.

కాగితాన్ని వెలుగుకు పట్టుకుంది. వలయం అంచున, నీలం సిరా పక్కన, ఎరుపు ఉంది. గోటితో గీకింది. గోటి కింద పొడి చేరింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కర్పూరం వాసన.

"కుంకుమ," అంది భూలక్ష్మి, గడపలోంచే.

*

మూసాపేట నుంచి మియాపూర్ దాకా మెట్రో. అక్కడి నుంచి చందానగర్‌కు ఆటో. దారిలో జశ్వంత్‌కు పదకొండుసార్లు చేసింది. స్విచ్ఛాఫ్. ఎల్లేశం ఇచ్చిన కాగితం బ్యాగులో ఉంది. కుంకుమ గోటి కింద ఉంది.

చితిలో కాలిన ముద్ర మీద కుంకుమ ఉండదు. దేవుడి ముందు పెట్టినదాని మీద ఉంటుంది.

నాలుగూ ముప్పై ఎనిమిదికి మూడో అంతస్తు మెట్లు ఎక్కింది. తలుపు తీసే ఉంది. తల్లి రత్నమాల పూజ అలమర ముందు పీట మీద కూర్చుని ఉంది. దీపం వెలుగుతోంది. దీపం కుందికి ఫోన్ ఆనించి ఉంది. రత్నమాల దాన్నే చూస్తోంది.

"వచ్చావా. ఇవాళ తొందరగా వచ్చావే," అంది, తల తిప్పకుండా.

సంయుక్త చెప్పులు విప్పలేదు. తల్లిని దాటి చేయి చాచి, అలమరలో తండ్రి ఫొటోను పక్కకు జరిపింది. వెనక పసుపు గుడ్డ. మూట విప్పింది. ఇత్తడి పిడి, కింద రబ్బరు. రబ్బరు నిండా కుంకుమ. తన అరచేతిలో నొక్కింది. 47 ఎర్రగా పడింది. 4 కాలు విరిగి ఉంది.

"కాల్చేశానన్నావు."

రత్నమాల అప్పుడు తల తిప్పింది.

"ఆఫీసువాళ్ళు పగలగొట్టేస్తామన్నారే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన జేబులో ఉన్న వస్తువు. ఇవ్వబుద్ధి కాలేదు. పండక్కి ఆయన పనిముట్టుకు బొట్టు పెట్టుకుంటే తప్పేంటి?"

"దీన్ని ఎవరికిచ్చావమ్మా?"

"ఎవరికో ఎందుకిస్తాను? జశ్వంత్ అడిగాడు. నాన్న డైరీలో దొరికిందట. ఏదో నంబరు రాసి, 'దసరా. ఎల్లేశం దగ్గర ఉంచాను' అని రాసుకున్నారట. వాళ్ళ విమానానికి అలాంటిదే కావాలట. నాలుగు నెలల నుంచి ఎగరడం లేదని పిల్లాడు ఎంత దిగులుపడ్డాడో నీకు తెలియదా? నాన్నే నాకోసం దాచారమ్మా అన్నాడు."

"సంతకం?"

"వాడే పెట్టాడు. స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టేవాడు కాదూ? ఆయనా గుర్తుపట్టేవారు కాదు." రత్నమాల నవ్వబోయి, కూతురి ముఖం చూసి మానేసింది. "ఏమైంది? చెడిపోయినదాన్ని మీ నాన్న దాస్తారా?"

"దాచలేదు. కోయమని ఇచ్చారు. దసరా అని బాబాయ్ కోయలేదు." సంయుక్త గొంతు తగ్గించింది. "దానికి బీట ఉందమ్మా. నలభై నిమిషాలు ఎగిరాక తెరుచుకుంటుంది. ఈ ముద్ర తీసుకుని ఇప్పుడే స్కూలుకు వెళ్తున్నా. ఇది చూపిస్తే రేపు పొద్దున విమానం ఆపేస్తారు."

"రేపా?" అంది రత్నమాల.

ఫోన్‌ను దీపం దగ్గర నుంచి తీసి కూతురి వైపు తిప్పింది. ఫ్లయింగ్ స్కూలు వాళ్ళు తల్లిదండ్రుల కోసం ఇచ్చిన యాప్ అది. ఆకుపచ్చ మ్యాప్. మ్యాప్ మీద ఒక చుక్క. చుక్క పక్కన కేఎల్. దాని కింద నేల నుంచి ఎత్తు, అడుగుల్లో. పది సెకన్లకోసారి అంకె మారుతుంది.

"రేపు వాన అన్నారట. ఇవాళే పంపించారు. నాలుగూ రెండుకి ఎగిరాడు."

గోడ గడియారంలో నాలుగూ నలభై ఒకటి.

సంయుక్త తన ఫోన్‌లో కిరణ్‌ను పిలిచింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"ముద్ర నా చేతిలో ఉంది కిరణ్ గారూ. అసలు ముద్ర. ఆ సంతకం జశ్వంత్‌ది. వాణ్ణి వెంటనే దింపండి. దగ్గర్లో ఎక్కడుంటే అక్కడ."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "లైన్లో ఉండండి మేడమ్." తర్వాత అతను వేరే మైకులో, రేడియో భాషలో కేఎల్‌ను పిలుస్తున్నాడు. "కిలో లిమా, కిలో లిమా, బేస్. కిలో లిమా, బేస్."

రత్నమాల చేతిలోని ఫోన్‌లో ఎత్తు 1,900. చుక్క కదులుతోంది. రన్‌వే దానికి ముప్పై ఒక్క కిలోమీటర్ల వెనక ఉంది.

"కిలో లిమా, బేస్. జశ్వంత్, వినిపిస్తోందా?"

సంయుక్త స్పీకర్ నొక్కింది. గరగర. ఆ గరగరలోంచి మాట వచ్చింది.

"చెప్పండి."

రత్నమాల ఫోన్ వైపు చూడలేదు. అలమరలో, పక్కకు జరిపిన ఫొటో వైపు చూసింది. సంయుక్తా అటే చూసింది. గరగరలో జశ్వంత్ గొంతు అచ్చం తండ్రి గొంతులా ఉంది. ఆ ఇంట్లో ఆ గొంతు విని రెండేళ్ళయింది.

"జశ్వంత్, ఇమ్మీడియట్‌గా రిటర్న్ అవ్వు. దగ్గర్లో పొలం ఏదైనా..."

"ఇంజిన్..." అంది గొంతు. "కిరణ్ సార్, ఇంజిన్..."

గరగర ఆగింది. కిరణ్ పిలుస్తూనే ఉన్నాడు.

ఎత్తు 1,720.

"దిగుతున్నాడా?" అంది రత్నమాల. "దిగమన్నారుగా. దిగుతున్నాడు కదే?"

ఎత్తు 1,410.

సంయుక్త అరచేయి మూసుకుంది. తర్వాతి అంకెకు పది సెకన్లు. రత్నమాల పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. దీపం పక్కన ఫోన్ పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని లెక్కపెట్టింది. తొమ్మిది. పది.

అంకె మారలేదు. చుక్క కూడా కదలలేదు.

పదకొండు, అంది రత్నమాల.